అప్రస్తుత ప్రసంగిని ఏం చేయాలి?

నాకు పదేళ్ళప్పుడు మా నాన్నగారు నన్ను మొదటిసారి అష్టావధానానికి తీసుకెళ్ళారు. ఊళ్ళో రామాలయం మంటపంలో జంపఖానా పరిచి, మధ్యలో అవధానిగారిని కూర్చోబెట్టారు. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఒకాయన నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం కట్టమంటాడు. నిషిద్ధాక్షరి ఆయన అవధాని నోట ఒక అక్షరం వచ్చీ రాగానే, దాని తర్వాత ఫలానా అక్షరం రాకూడదని అడ్డం వేస్తాడు. అవధాని ఎవరికీ పద్యం ఒక్కసారిగా చెప్పడు. ఒక్కో చుట్టులో ఒక్కొక్కరికీ ఒక్కో పాదం. నాలుగు చుట్లు తిరిగితేగాని పద్యాలు పూర్తికావు. మధ్యమధ్యలో ఎవరో గంట కొడుతుంటారు. ఎన్నిసార్లు కొట్టారో ఆఖర్న లెక్క చెప్పాలి.

పదేళ్ళ పిల్లకి పద్యాలేం అర్థమవుతాయి? నా కళ్ళన్నీ అప్రస్తుత ప్రసంగి మీదే. ఆయన పనల్లా అడ్డు తగలడం. అవధాని మూడో పాదం కోసం కళ్ళు మూసుకోగానే, "అవధానిగారూ, మా ఆవిడ ఇవాళ వంకాయకూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది. చెప్పమంటారా, తినేయమంటారా?" అనేవాడు. జనం గొల్లున నవ్వేవారు. అవధానీ నవ్వేవారు. ఆయన మాటకి తగ్గట్టు ఓ చమత్కారం విసిరి, వెంటనే ఏ పాదం దగ్గర ఆగారో అక్కడే అందుకునేవారు.

ఇంటికి నడిచొస్తూ అడిగాను. "ఆయన్ని కాసేపు ఊరుకోమని ఎందుకు అనరు నాన్నా?"

"ఆయనా అవధానంలో భాగమేనమ్మా. అడ్డం వచ్చేవాడు లేకపోతే, తిరిగి రావడం వచ్చో రాదో ఎలా తెలుస్తుంది?" అన్నారు నాన్నగారు.

ధ్యానం గురించి నేను తర్వాత చదివిన పుస్తకాలన్నింటికంటే ఆ మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. కళ్ళు మూసుకుని కూర్చున్న ప్రతివాళ్ళూ చెప్పే కష్టం ఒకటే: "నా మనసు నిలవదండీ." నిలవదు. ఎవరిదీ నిలవదు. మనందరి లోపలా ఒక అప్రస్తుత ప్రసంగి ఉన్నాడు. నిన్న ఆఫీసులో ఎవరో అన్న మాట, రేపు కట్టాల్సిన ఫీజు, ఎప్పుడో పదోతరగతిలో జరిగిన అవమానం, అన్నీ పట్టుకొస్తాడు. అతన్ని తరిమేయాలని చూసేవాళ్ళు అలసిపోతారు. అతనితో పాటు వెళ్ళిపోయేవాళ్ళు పద్యం మర్చిపోతారు. అవధాని ఈ రెండూ చేయడు. విన్నట్టు తల ఊపి, తన పాదం దగ్గరికి తిరిగి వస్తాడు. ఈ అధ్యాయంలో నేను నేర్పగలిగిందల్లా ఆ తిరిగి రావడమే. కోపం లేకుండా తిరిగి రావడం.

పరధ్యానం అన్న మన మాట చూడండి. అందులోనూ ధ్యానం ఉంది. మనసు ఖాళీగా లేదు, మరో చోట మునిగి ఉంది, అంతే. ఇది ఎంత మామూలు సంగతో తేల్చడానికి మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2,250 మంది ఫోన్లకి రోజులో ఎప్పుడంటే అప్పుడు ప్రశ్నలు పంపించారు. ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎలా అనిపిస్తోంది, ఇవీ ప్రశ్నలు. 2010లో 'సైన్స్' పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనుషుల మనసు చేస్తున్న పని మీద లేదు. పరధ్యానంలో ఉన్నప్పుడు వాళ్ళు అంత సంతోషంగానూ లేరు. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇంకొకటి. మనసు తీయని ఊహల్లోకి వెళ్ళినప్పుడు కూడా, చేస్తున్న పనిలో ఉన్నప్పటికంటే ఎక్కువ ఆనందమేమీ దొరకలేదట. పగటికలలు కూడా మనం అనుకున్నంత లాభసాటి బేరం కాదన్నమాట.

పాలగిన్నె దగ్గర

ధ్యానానికి చాప, చీకటిగది, అగరొత్తులు ఉండాలనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. మీ ఇంట్లో రోజూ తప్పకుండా జరిగే ఒక చిన్న పనిని పట్టుకోండి. నేను పట్టుకున్నది పాలు కాచడం.

అర లీటరు ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసి, స్టవ్ మీద పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకోవడం ఏళ్ళ తరబడి నా అలవాటు. ఫోన్లో నేనేం చూసేదాన్నో ఒక్కటీ గుర్తులేదు. పొంగిన పాలు స్టవ్ మీద మాడిన వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులో ఉంది. ఒకరోజు ఫోన్ హాల్లో వదిలేసి పొయ్యి దగ్గర నిలబడ్డాను. వేరే ఏ ఉద్దేశమూ లేదు, ఆ రోజుకి పాలు పొంగనివ్వకూడదు, అంతే.

మొదటి రెండు నిమిషాలూ ఏమీ జరగలేదు. తర్వాత గిన్నె అంచుల్లో ఆవగింజలంత బుడగలు, ఒకదాని పక్కన ఒకటి, పూసలదండలా చేరాయి. మధ్యలో పాలు కదలకుండా ఉన్నాయి. కాసేపటికి పైన సన్నని పొర కట్టి, ఎవరో చీర కుచ్చిళ్ళు సవరించినట్టు ముడతలు పడింది. ఆ పొర కింద ఏదో కదిలింది. ముడతలు ఉబ్బాయి. అప్పటిదాకా సన్నగా వినిపిస్తున్న చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది. పొంగే ముందు పాలు నిశ్శబ్దమవుతాయని నాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. ఆ నిశ్శబ్దం తర్వాత పొర మొత్తం ఒక్కసారి లేచింది. మంట తగ్గించాను.

ఐదు నిమిషాలు. అందులో నా మనసు కనీసం పదిసార్లు బయటికి వెళ్ళొచ్చింది. కరెంటు బిల్లు, చెల్లెలి కూతురి పెళ్ళి, మోకాలి నొప్పి. వెళ్ళినట్టు తెలిసినప్పుడల్లా "ఇదుగో పాలు" అనుకుని గిన్నెలోకి చూశాను. ఆ పదిసార్లు తిరిగి రావడమే సాధన. వెళ్ళకపోవడం సాధన కాదు. ఈ తేడా తెలియక నెల తిరక్కుండానే ధ్యానం మానేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మనసు చెదిరిన ప్రతిసారీ వాళ్ళు దాన్ని ఓటమి కింద లెక్కేసుకున్నారు.

పాలు మీ పని కాకపోతే మరొకటి చూసుకోండి. స్నానం చేసేటప్పుడు మొదటి రెండు చెంబుల నీళ్ళు. బస్టాపులో నిలబడ్డప్పుడు చెప్పుల్లో అరికాళ్ళు. అన్నం దగ్గర మొదటి మూడు ముద్దలు. మనం చేత్తో తింటాం కాబట్టి ఈ మూడోది మనకి మరీ తేలిక. అన్నం వేడి ముందు వేళ్ళకి తెలుస్తుంది, ఆ తర్వాతే నాలుకకి. పప్పు కలుపుతున్నప్పుడు ఏ వేలికి ఎంత వేడి తగిలిందో చూడండి. మూడు ముద్దలయ్యాక మీ ఇష్టం, టీవీ చూసుకోండి, కబుర్లు చెప్పుకోండి. అన్ని ముద్దలూ ధ్యానంగా తినాలన్న పట్టుదల వద్దు. అది రెండు రోజులే ఉంటుంది.

ఈ రకమైన ధ్యాసకి పాళీలో 'సతి' అని పేరు, సంస్కృతంలో 'స్మృతి'. జ్ఞాపకం అని అర్థం. బౌద్ధులు ఎరుకకి జ్ఞాపకం అన్న పేరు ఎందుకు పెట్టారా అని చాలాకాలం అనుకున్నాను. పాలగిన్నె దగ్గరే జవాబు దొరికింది. మనసు దారి తప్పినప్పుడు మనం చేసేది గుర్తు తెచ్చుకోవడమే కదా! "అరె, నేను ఇక్కడ ఉన్నాను" అని గుర్తుకు రావడమే. అవధాని ఆఖర్న పద్యాలన్నీ వరసగా ఒప్పజెప్పడాన్ని ధారణ అంటారు. రెండింటికీ చుట్టరికం ఉంది.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్‌జిన్ ఈ బౌద్ధ సాధనని, మతంతో సంబంధం లేకుండా, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారు. ఎనిమిది వారాల శిక్షణ అది. అందులో అందరికీ బాగా గుర్తుండే అభ్యాసం ఒక్క ఎండుద్రాక్షని చేతిలోకి తీసుకుని, చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమిలి తినడం. నొప్పి పోతుందని ఆయన మాట ఇవ్వలేదు. నొప్పితో మన వ్యవహారం మారుతుందన్నారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

కూర్చుని చేయాలనుకునేవాళ్ళకి ఒక పద్ధతి చెప్తాను. కుర్చీలోనైనా సరే, నడుము నిటారుగా, పాదాలు నేలకి ఆనించి కూర్చోండి. గాలి లోపలికి వెళ్తున్నప్పుడు ముక్కు అంచు దగ్గర చల్లగా, బయటికి వస్తున్నప్పుడు కొంచెం వెచ్చగా తగులుతుంది. ఆ తాకిడినే గమనించండి. ఊపిరిని మార్చొద్దు, సాగదీయొద్దు. బయటికొచ్చే ఒక్కో ఊపిరికీ ఒక అంకె, ఒకటి నుంచి పది దాకా. మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ ఒకటి. నాలుగు దగ్గర తప్పినా ఒకటే, తొమ్మిది దగ్గర తప్పినా ఒకటే. నెల తిరిగినా పది దాకా చేరలేకపోవచ్చు. అయినా సాధన జరిగినట్టే. రోజుకి పది నిమిషాలు చాలు.

ఇది అందరికీ, అన్నివేళలా పడదు. ఊపిరి మీద దృష్టి పెడితే గుండె దడ పెరిగేవాళ్ళుంటారు. ఎప్పటి భయానక అనుభవమో కళ్ళు మూసుకోగానే తిరిగొచ్చేవాళ్ళూ ఉంటారు. అలాగైతే వెంటనే కళ్ళు తెరవండి. గదిలో ఉన్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. పాదాలు నేలకి గట్టిగా నొక్కండి. ఆ రోజుకి ఆపేయండి. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, బతకాలనిపించకపోవడం వంటివి రోజుల తరబడి ఉంటే ధ్యానం మీద భారం వేయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది ఈ పుస్తకంలో ఎక్కడైనా చెప్పాల్సిన మాటే, కానీ ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది.

ఎర్ర అంకెల గళ్ళు

మా వంటింటి గోడకి ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. మిగిలిన జాగాలో నేను పెన్నుతో లెక్కలు రాస్తుంటాను. ఒక సంవత్సరం చివర్లో దాన్ని తీసేసే ముందు పన్నెండు నెలలూ తిప్పి చూశాను. "పాలు రాలేదు." "పనిమనిషి రాలేదు." "నీళ్ళు రాలేదు." "గ్యాస్ బుక్ చేశాం, ఇంకా రాలేదు." ఏడాది పొడుగునా నేను రాసుకున్నది రానివాళ్ళ లెక్క!

పాలు వచ్చిన రోజులు మూడొందల యాభై పైనే ఉంటాయి. వాటి గురించి ఒక్క అక్షరం లేదు. డబ్బు లెక్క కోసం అలా రాయడం సబబే, నెలాఖరుకి జీతంలోంచి, బిల్లులోంచి తీసేయాలి కాబట్టి. కానీ మనసు కూడా అదే పద్దు రాస్తోందని ఆ రోజు తెలిసింది. వచ్చినవాటిని ఖర్చు కిందా జమ కిందా ఎక్కడా చూపదు. రానివాటిని మాత్రం ఎర్ర సిరాతో రాసుకుంటుంది.

అప్పటి నుంచి ఆదివారం గళ్ళని వేరే పనికి కేటాయించాను. మన క్యాలెండర్లలో అవి ఎర్ర అంకెలతో ఉంటాయి కాబట్టి ఇట్టే కనిపిస్తాయి. ప్రతి ఆదివారం రాత్రి, ఆ వారంలో నాకోసం వచ్చిన ఒకరిద్దరి పేర్లు, వాళ్ళేం చేశారో రెండు మూడు మాటలు రాస్తాను. "సిలిండర్ అబ్బాయి, లిఫ్ట్ పనిచేయకపోతే మూడంతస్తులు మోసుకొచ్చాడు." "బస్సులో సీటిచ్చిన కాలేజీ పిల్ల." "చెల్లెలు, ఏమీ అడక్కుండా ఫోన్ పెట్టకుండా ఉంది." పేరు తెలియకపోతే కనుక్కుని రాస్తాను. నాలుగేళ్ళుగా మా వీధి ఊడుస్తున్న ఆవిడ పేరు నేను ఆ గడి నింపడం కోసం అడిగాను. అడిగినప్పుడు ఆవిడ చీపురు ఆపి, "ఏమైందమ్మా? సరిగ్గా ఊడవలేదా?" అంది. పేరు అడిగితే ఫిర్యాదే అనుకునేంత అలవాటు చేశాం ఆమెకి. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది.

రోజూ ఎందుకు రాయకూడదు అని అడగొచ్చు. రాయొచ్చు, కానీ రోజూ రాస్తే అది హాజరుపట్టీ అయిపోతుందని నా అనుభవం. సోనియా ల్యుబొమిర్‌స్కీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆరు వారాల పాటు దీన్నే పరీక్షించారు. కృతజ్ఞతలు వారానికి ఒకసారి రాసుకున్నవాళ్ళ సంతోషం పెరిగింది. మూడుసార్లు రాసినవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. అంతకుముందు 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు పది వారాలు వారానికోసారి రాశారు. ఒక జట్టు కృతజ్ఞత కలిగించినవి, ఒక జట్టు చికాకులు, మరో జట్టు ఊరికే జరిగిన సంగతులు. మొదటి జట్టువాళ్ళు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి చూపారు, ఒంటి బాధల గురించి తక్కువ చెప్పారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. రాసింది వారానికి ఐదు సంగతులకి మించి కాదు.

మన ఇళ్ళలో ఒక చిక్కుంది. సొంతవాళ్ళకి థాంక్స్ చెప్పే ఆచారం మనకి లేదు. అమ్మకి కాఫీ ఇచ్చినందుకు ధన్యవాదాలు చెప్తే ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తుంది. మనది కృతజ్ఞత లేని భాష కాదు. "నీ చలవే" అంటాం, "నువ్వు రాబట్టి గట్టెక్కాం" అంటాం, "నీ కడుపు చల్లగా" అంటాం. అయితే ఇవన్నీ పెద్ద కష్టం గడిచిన రోజున తీసే మాటలు. మామూలు రోజుకి కావాల్సింది ధన్యవాదం కాదు, గమనించినట్టు చెప్పడం. "పచ్చడిలో ఇంగువ ఇవాళ సరిగ్గా పడింది" అంటే చాలు. "స్కూటర్‌లో గాలి నువ్వే కొట్టించావా? పొద్దున్న చూశాను" అంటే చాలు. ఏం చేశారో చెప్పండి, ఎంత గొప్పవాళ్ళో చెప్పనక్కర్లేదు.

కృతజ్ఞత పేరుతో జరిగే రెండు అన్యాయాల గురించి కూడా చెప్పాలి. ఒకటి, "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు, నీకేం తక్కువ?" అనడం. పక్కవాడి లేమిని చూసి తృప్తి పడటం కృతజ్ఞత కాదు. రెండోది ఇంకా పెద్దది. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషితో కాపురం చేస్తున్న ఆడపిల్లకి "ఉన్నదాంతో సంతోషపడు" అని చెప్పడం. జీతం ఎగ్గొట్టే యజమాని దగ్గర పనిచేసేవాడికి "పని ఉంది, అదే పదివేలు" అని చెప్పడం. నాకు అందిన మంచిని నేను చూడటం కృతజ్ఞత. నాకు జరుగుతున్న చెడుని చూడొద్దని ఇంకొకరు చెప్పడం నోరు మూయించడం. ఆదివారం గడిలో పేర్లు రాస్తూనే సోమవారం పోలీస్‌స్టేషన్‌కో లేబర్ ఆఫీసుకో వెళ్ళొచ్చు. రెండింటికీ పేచీ లేదు.

అయ్యో, ఎవరికైనా జరిగేదే, పోనీలే

ధ్యానం, కృతజ్ఞత తర్వాత మూడోది, మన మీద మనం దయగా ఉండటం, నాకు అన్నింటికంటే ఆలస్యంగా వచ్చింది.

మా అమ్మకి ఎనభై దాటాక మరుపు మొదలైంది. పాతవన్నీ గుర్తుండేవి. ఆ పూట సంగతులు నిలిచేవి కావు. రోజులో ముప్ఫై నలభై సార్లు ఒకటే ప్రశ్న: "ఇవాళ ఏ వారమే?" చెప్పేదాన్ని. పది నిమిషాలకి మళ్ళీ అడిగేది. ఒక సాయంత్రం, ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుని తలనొప్పితో కూర్చున్నాను. అమ్మ అడిగింది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?" అని అరిచాను. అమ్మ నా మొహంలోకి చూసి, కొంగు సర్దుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రి మళ్ళీ అడగలేదు.

అమ్మకి ఆ అరుపు కాసేపట్లో గుర్తులేకుండా పోయిందేమో. నాకు పోలేదు. తెల్లవారుజామున మూడింటిదాకా లోపల ఒక గొంతు నన్ను తిడుతూనే ఉంది. "నువ్వూ ఒక కూతురివేనా? ఆవిడ నీకు అక్షరాలు ఎన్నిసార్లు దిద్దించింది?" నిజానికి ఆ గొంతు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ దాని వల్ల జరిగిందేమిటి? నిద్ర లేదు. మర్నాడు ఇంకా ఎక్కువ చిరాకు. మధ్యాహ్నానికి మళ్ళీ విసుక్కున్నాను. మనల్ని మనం తిట్టుకుంటే బాగుపడతామని చిన్నప్పటి నుంచి నమ్ముతూ వచ్చాం. నా విషయంలో ఆ తిట్లు మర్నాటి తప్పుకి పెట్టుబడి అయ్యాయి.

సాయంత్రం పక్కింటి పిన్నిగారు పెరుగు తోడు కోసం వచ్చి నా మొహం చూసి అడిగారు. చెప్పాను. ఆవిడ గిన్నె గట్టు మీద పెట్టి, "అయ్యో" అన్నారు. కాస్త ఆగి, "ఎవరికైనా జరిగేదేనమ్మాయ్. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు నేనూ అరిచాను. తర్వాత బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను" అన్నారు. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే. రేపేం చేస్తావో చూడు" అన్నారు.

టెక్సస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ నెఫ్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. మనిషి తన మీద తాను ఎంత దయగా ఉంటాడో కొలిచే ఒక కొలమానాన్ని ఆమె 2003లో ప్రచురించారు. ఆమె లెక్కలో ఆత్మకరుణకి మూడు పాళ్ళు. బాధని దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడటం ఒకటి. ఇది నా ఒక్కదానికే వచ్చిన వింత కాదు, మనుషులందరి సంగతీ ఇదే అన్న గ్రహింపు రెండోది. స్నేహితురాలితో మాట్లాడే మెత్తదనంతో మనతో మనం మాట్లాడుకోవడం మూడోది. ఇది చదివినప్పుడు నాకు పిన్నిగారే కళ్ళముందు మెదిలారు. అయ్యో, ఎవరికైనా జరిగేదే, పోనీలే. పరామర్శకి వెళ్ళిన ప్రతి తెలుగు ఇల్లాలికీ వచ్చిన మాటలే ఇవి. పక్కవాళ్ళకి ఇన్నేళ్ళుగా పంచిపెడుతున్నాం. మనకోసం ఒక్క చెంచాడు మిగుల్చుకోం.

సాధన ఇది. తప్పు జరిగిన రోజున, ఒంటరిగా ఉన్నప్పుడు, చెయ్యి గుండె మీద పెట్టుకోండి. ఈ మూడు మాటలూ పైకే అనండి. ఒక్కోదానికీ ఒక నిండు ఊపిరి తీసుకుని వదలండి. మొదట్లో అబద్ధంలా ఉంటుంది, గొంతు రాదు. అప్పుడు ఇలా చేయండి. ఇదే తప్పు మీ స్నేహితురాలు చేసి మీ దగ్గరికి ఏడుస్తూ వచ్చిందనుకుని, ఆమెకేం చెప్తారో ఒక కాగితం మీద రాయండి. తర్వాత పైన మీ పేరు రాసుకుని చదవండి. చాలామందికి సగంలోనే కళ్ళు తడుస్తాయి.

"పోనీలే అనుకుంటే బద్ధకం రాదా? తప్పు మళ్ళీ చేయమా?" ఈ ప్రశ్న నాకు ప్రతిచోటా ఎదురవుతుంది, ముఖ్యంగా పిల్లల తండ్రుల నుంచి. 2012లో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ దీన్ని పరీక్షకి పెట్టారు. కష్టమైన పదాల పరీక్ష రాసి దెబ్బతిన్న విద్యార్థుల్లో, తమ మీద తాము దయగా ఉండమని చెప్పించుకున్నవాళ్ళు తర్వాతి పరీక్షకి ఎక్కువసేపు చదివారు. నాకిది ఆశ్చర్యం అనిపించలేదు. తన్నులు తప్పవని తెలిసిన పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు దాస్తాడు. తన్నరని తెలిసినవాడే దాన్ని తెచ్చి ముందు పెడతాడు, ఎక్కడ తప్పిందో చూస్తాడు. లోపలి పిల్లవాడూ అంతే.

పిన్నిగారి మాటలో చివరి ముక్కని మాత్రం వదలకండి: రేపేం చేస్తావో చూడు. అది లేని పోనీలే నిజంగానే బద్ధకం. నేను మర్నాడు చేసినవి రెండు. పొద్దున్నే అమ్మ పక్కన కూర్చుని, "మొన్న నీ మీద అరిచానమ్మా, తప్పయింది" అన్నాను. అమ్మ "ఎప్పుడూ?" అంది. రెండు, స్టేషనరీ షాపులో పిల్లల పలక ఒకటి కొని, పెద్ద అక్షరాలతో వారం పేరు రాసి మంచానికి ఎదురుగా గోడకి తగిలించాను. కొన్నిసార్లు అమ్మ దాన్ని చూసి ఊరుకునేది. ఎక్కువసార్లు చూడకుండానే అడిగేది.

వియత్నాం బౌద్ధ గురువు థిచ్ నాట్ హాన్ 1982లో ఫ్రాన్స్‌లో ప్లమ్ విలేజ్ అనే ఆశ్రమం పెట్టారు. అక్కడ గంట మోగితే ఎవరు ఏ పనిలో ఉన్నా ఆగుతారు, మాట మధ్యలో ఉన్నా సరే. మూడుసార్లు ఊపిరి తీసుకుని వదిలి, మళ్ళీ పని అందుకుంటారు. గోడ గడియారం కొట్టినా, ఫోన్ మోగినా అంతే. అది చదివినప్పుడు రామాలయం మంటపంలో అవధాని లెక్కపెట్టిన గంట చెవిలో మోగింది. నాకూ ఇంట్లో ఒక గంట ఉంది కదా అనుకున్నాను. రోజుకి ముప్ఫై నలభై సార్లు మోగేది.

ఆ రోజు నుంచి అమ్మ అడిగినప్పుడల్లా చేతిలో పని ఆపేదాన్ని. ఒక ఊపిరి. తర్వాత జవాబు. అన్నిసార్లూ కుదరలేదు. కుదరనప్పుడు అయ్యో అనుకున్నాను. కుదిరినప్పుడు అమ్మ మొహం చూడటానికి తీరిక దొరికేది. ప్రశ్న అడిగేటప్పుడు ఆవిడ కనుబొమలు చిన్నపిల్లకి లెక్క రానప్పుడు ముడిపడినట్టు ముడిపడేవి. వారం పేరు వినగానే విడిపోయేవి. ఆ విడిపోవడాన్ని నేను అంతకుముందు ఒక్కసారీ చూసి ఉండలేదు.

అమ్మ వెళ్ళిపోయే ముందు చలికాలంలో ఒక పొద్దున. పాలు స్టవ్ మీద ఉన్నాయి. వంటింటి గుమ్మానికి ఎదురుగా అమ్మ మంచం. నేను గిన్నె వైపే చూస్తున్నాను, అంచుల్లో బుడగలు చేరాయి.

"ఇవాళ ఏ వారమే?"

చూపు గిన్నె మీంచి తీసి అమ్మ వైపు తిరిగాను. ఊపిరి వదిలాను.

"శుక్రవారం అమ్మా."

కనుబొమలు విడిపోయాయి. కాసేపు నా వైపే చూసింది.

"పాలు చూసుకో," అంది, "పొంగుతాయి."